విమానం ఎక్కే ముందు నలభై రోజులు

గల్ఫ్ వీసా వచ్చింది. వాట్సాప్‌లో కాపీ చూసుకున్నారు, ఇంట్లో అందరికీ చూపించారు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ ఊర్లో అడిగినా ఒకే వరస చెప్తారు. ఏజెంటుకు కట్టాల్సిన మిగతా పైసల కోసం వారం రోజులు తిరుగుడు. మెడికల్ కోసం హైదరాబాద్ పోయి రావుడు. కొండగట్టు అంజన్నకు, వేములవాడ రాజన్నకు మొక్కులు. చుట్టాల ఇండ్లల్లో దావత్‌లు. ఆఖరి మూడు రోజులు పచ్చళ్లు, సకినాలు, బ్యాగు తూకం. తర్వాత శంషాబాద్.

ఇందులో మీరు అక్కడ చేయబోయే పనికి సంబంధించిన తయారీ ఎక్కడుంది? పచ్చడి ఎంత కారం ఉండాలో మాట్లాడుకున్నంతసేపు కూడా డ్యూటీ ఎన్ని గంటలో మాట్లాడుకోలేదు కదా?

విదేశీ జట్టులో చేరే సైకిల్ రేసర్ల సంగతి చూడండి. రోడ్డు రేసులు ఆడే వృత్తి జట్లలో కొత్త ఒప్పందాలు మామూలుగా జనవరి 1 నుంచి మొదలవుతాయి. కానీ అంతకు ముందే, డిసెంబరులోనే, చాలా జట్లు స్పెయిన్ లాంటి చోట్ల శిబిరాలు పెట్టుకుంటాయి. కొత్తగా వచ్చిన రేసరుకు సైకిల్ సీటు ఎంత ఎత్తులో ఉండాలో కొలుస్తారు. ఏ రేసులో ఎవరి కోసం ముందుండి గాలిని కోస్తూ తొక్కాలో చెప్తారు. తోటివాళ్లతో కలిసి తింటాడు, తొక్కుతాడు. మొదటి రేసు నాటికి అతనికి కొత్త అనిపించేది పెద్దగా ఏమీ మిగలదు.

ఆ రేసరుకు జట్టు చేసిపెట్టే పనిని మీకు ఎవరూ చేయరు. ఏజెంటు చేయడు, కంపెనీ చేయదు. మీరే చేసుకోవాలి. నలభై రోజులు చేతిలో ఉంటే అన్నీ అవుతాయి. ఇరవై రోజులే ఉన్నా సగం అవుతాయి. గల్ఫ్‌లో మొదటి ఏడాది పడే తిప్పల్లో చాలావాటికి విత్తనం ఈ నలభై రోజుల్లో, మన ఊర్లోనే పడుతుంది.

1. ముందు కాగితం, తర్వాత పైసలు

"ఏజెంటు మనోడే, మా బావ క్లాస్‌మేట్" అంటారు. కావచ్చు. ఆయన పేరు గానీ, ఆయన పనిచేసే సంస్థ పేరు గానీ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందా? రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా అక్కడ ఎవరైనా చూడొచ్చు. మీకు రాకపోతే ఇంటర్ చదివే పిల్లలను అడగండి, పది నిమిషాల పని. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష దాటి అడిగి, "రసీదెందుకన్నా, మన మధ్య" అన్నాడంటే అతని ధైర్యం మీ తొందర మీదే ఉందని అర్థం చేసుకోండి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వీళ్లకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. ఈ క్లియరెన్స్‌ను తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు "విజిట్ మీద పో తమ్మీ, ఆడికి పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తరు" అని పంపుతారు. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. ఆజాద్ వీసా సంగతీ అంతే. కాగితం మీద కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒకడు, పని ఇంకొకడి దగ్గర. దొరికిన రోజు ఆ కఫీల్ ఫోన్ ఎత్తడు. మిమ్మల్ని ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేనివాళ్ల, కింద లెక్కగడతారు. అప్పుడు తిరిగి రావడానికి ఔట్‌పాస్ కోసమో క్షమాభిక్ష (ఆమ్నెస్టీ) కోసమో ఎదురుచూపే.

ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. క్లియరెన్స్ తీసుకునేవాళ్లకు ఇది తప్పనిసరి కాబట్టి చాలామంది కట్టే ఉంటారు, కానీ పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నామినీ పేరు సరిగ్గా రాశారా? ఒకసారి చదివి, ఆ కాపీ భార్య చేతికో తల్లి చేతికో ఇవ్వండి.

ఇంకా వీసా చేతికి రాలేదా? అయితే ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోయే ముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి. అక్కడ ఆలస్యం అవ్వొచ్చు. అయినా అప్పు మీద వడ్డీ కంటే ఆలస్యం చవక.

2. జీతం అంకె కాదు, బేసిక్ అంకె చూడండి

ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

దుబాయ్‌లో రెండు కంపెనీలు. రెండూ నెలకు 1,200 దిర్హమ్‌లు ఇస్తామంటున్నాయి. ఒకదాని కాగితంలో బేసిక్ 700, అలవెన్సు 500. రెండోదాంట్లో బేసిక్ 1,000, అలవెన్సు 200. రెండూ ఒకటేనా? కాదు. యూఏఈ చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. దాన్ని బేసిక్ మీద లెక్కగట్టి 25 శాతం కలుపుతారు. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 26 రోజులు ఓవర్‌టైమ్ చేస్తే మొదటి కంపెనీలో 190 దిర్హమ్‌లు వస్తాయి, రెండోదాంట్లో 270. అదే చెమట, నెలకు 80 దిర్హమ్‌ల తేడా. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్క. బేసిక్ 700 అయితే ఏడాదికి 490, బేసిక్ 1,000 అయితే 700.

అందుకే ఆఫర్ కాగితం రాగానే ఊర్లో పదేళ్లు గల్ఫ్ చేసి వచ్చిన మనిషి దగ్గర కూర్చోండి. అలాంటి మనిషి లేని ఊరు ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల కనబడదు. మాట ఇలా నడుస్తుంది.

"కాకా, గీ కాగితం జర చూడరాదే."

"బేసిక్ ఎంత ఏసిండ్రురా?"

"పన్నెండు వందలంట."

"అది మొత్తం. బేసిక్ అడుగుతున్న. తిండి కంపెనీదా, నీదా? రూము ఎవలది? రెండేండ్లకు టికెట్ ఇస్తడా?"

ఆ కాకా అడిగిన నాలుగు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకుని ఏజెంటును అడగండి. జవాబు నోటితో చెప్తే చాలదు, కాగితంలో ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించమనండి. ఖతార్ పోయేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లోనే ఒప్పందం మీద సంతకం చేస్తారు కాబట్టి అక్కడే అంకెలు సరిచూసుకోవచ్చు. ఆ దేశంలో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ వసతి, తిండి పెట్టకపోతే దానికి తోడు వసతికి 500, తిండికి 300 ఇవ్వాలి. ఏజెంటు చెప్పిన అంకె, అక్కడ తెర మీద కనిపించిన అంకె వేరువేరుగా ఉంటే? సంతకం ఆపండి. వెనక క్యూ ఉందని, ఎవరో విసుక్కుంటున్నారని సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

3. ఒంటిని ఎండకు నేర్పండి

సిరిసిల్లలో సాంచల (మరమగ్గాల) మీద పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి ఓపిక లేదని ఎవరూ అనరు. కానీ ఆ పని నీడలో. కోరుట్ల దగ్గర పసుపు తవ్విన రైతుకు ఎండ అలవాటే, కానీ మిట్టమధ్యాహ్నం చెట్టు కింద కూర్చునే స్వేచ్ఛ అతనికి ఉంది. గల్ఫ్ ఎండ వేరు. సముద్రం పక్కన ఉక్క కూడా తోడవుతుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 2016 అక్టోబరులో ప్రపంచ రోడ్డు సైక్లింగ్ పోటీలు దోహాలో జరిగినప్పుడు, ఏడాదంతా శిక్షణలో ఉండే రేసర్లే ఆ వేడికి తిప్పలు పడ్డారు. మరి మీరూ నేనూ ఎంత?

ఒంటికి వేడి అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వేడి పోటీలకు పోయే రేసర్లు ముందుగానే ఆ రోజులు కేటాయించుకుంటారు. మీరు చేయగలిగేది ఇది. బయలుదేరడానికి మూడు వారాల ముందు నుంచి రోజూ వేగంగా నడవండి, ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి గంట దాకా పెంచండి. ఆఖరి పది రోజులు ఆ నడకను పొద్దున నుంచి మధ్యాహ్నానికి జరపండి, మెల్లగా, నీళ్లు తాగుతూ. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా ఇది చేయొద్దు. చలికాలంలో బయలుదేరేవాళ్లకు ఇక్కడ అంత వేడి దొరకదు, నడక ఒక్కటి చాలు.

ఈ నలభై రోజులూ దావత్‌ల రోజులు కూడా. "పోతున్నవు కదా, మళ్ల ఎప్పుడొస్తవో" అని ప్రతి ఇంట్లో కల్లు, కోడి. వద్దంటే నొచ్చుకుంటారు. పోండి, తినండి, కానీ ఆఖరి వారం మందు ముట్టకండి. తాగి, నిద్ర లేక, రాత్రి బస్సులో శంషాబాద్ చేరి, విమానం దిగిన మర్నాడే సైట్‌కు పోయిన మనిషి ఒంట్లో నీళ్లేం మిగులుతాయి?

అక్కడికి పోయాక మొదటి వారం సంగతి. వేడిలో కొత్తగా చేరిన కూలీకి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇచ్చి, రోజుకు ఇంకో ఐదో వంతు పెంచుతూ పోవాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్తుంది. మీ ఫోర్‌మన్ దీన్ని పాటిస్తాడని నేను హామీ ఇవ్వలేను. కానీ మొదటి వారం అందరికంటే ఎక్కువ మోసి మెప్పు పొందాలన్న ఉబలాటాన్ని మీరు ఆపుకోగలరు. దాహం వేసేదాకా ఆగకండి. పదిహేను ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్లు తాగండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదు. తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం, మాట తడబడటం, వీటిలో ఏది కనబడినా నీడకు పోయి తోటివాడిని పిలవండి.

ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని చట్టాలున్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు. సౌదీలో అవే తేదీలు, పన్నెండు నుంచి మూడు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పదకొండు నుంచి నాలుగు. మీరు పోయే దేశం వేళలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

చిన్న మాట ఇంకొకటి, బూట్ల గురించి. సేఫ్టీ షూ జీవితంలో మొదటిసారి సైట్ మీద తొడిగితే రెండో రోజుకే మడమ ఒలిచిపోతుంది. ఆ పుండు చెమటలో మానదు, కుంటుతూ నడిచేవాడిని చూసి ఫోర్‌మన్ ఇంకో మాటంటాడు. జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఒక జత కొని, నూలు సాక్సులతో వాకిట్లో, పొలం గట్టు మీద రెండు వారాలు తిరగండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి.

4. బ్యాగులో గసగసాలు వద్దు

గసగసాలు మన వంటింట్లో మసాలా దినుసు, యూఏఈలో, సౌదీలో మాదకద్రవ్యం కింద లెక్క. విడిగానే కాదు, మసాలా పొడిలో కలిపి నూరినవీ వద్దు. అమ్మ ఇచ్చిన కోడికూర మసాలాలో ఏమేసిందో అడగండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు ఆ దేశం అనుమతి లేకుండా తీసుకుపోకండి. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. మెడికల్‌లో తెలిసిపోతుందనో, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారనో భయపడి మాత్రలే మానేసేవాళ్లున్నారు. అది అన్నిటికంటే పెద్ద తప్పు.

"మా పిలగానికి జర గీ పచ్చడి డబ్బ ఇయ్యి బిడ్డా" అని ఎవరైనా వస్తే? ఇంటి పక్క ముసలమ్మకు కాదనడం కష్టం. డబ్బా మూత తీసి, గరిటె పెట్టి అడుగుదాకా కలిపి చూసి, మీ చేత్తో మళ్లీ ప్యాక్ చేసుకోండి. తెలియని మనిషి అయితే ముట్టుకోనే వద్దు. అందులో ఏం దొరికినా అక్కడ అడిగేది మిమ్మల్నే.

5. రూము, మాట, పని

కొత్త రూములో ఎనిమిది మంది ఉండొచ్చు. ఒకరు బీహార్, ఇద్దరు నేపాల్, ఇంకొకరు బంగ్లాదేశ్. సైట్ మీద నడిచేది హిందీ. అరబ్బీ రాలేదని దిగులు అక్కర్లేదు, హిందీ రాకపోతే మాత్రం ఇబ్బందే. పొద్దున ఎలా ఉన్నావు, నీ పేరేమిటి అనేవి ఎలాగూ వస్తాయి. పనికొచ్చేవి ఇవి, పైకి అనుకుంటూ నేర్చుకోండి.

"ముఝే చక్కర్ ఆ రహా హై." కళ్లు తిరుగుతున్నాయి.

"యే కామ్ పహ్లే నహీ కియా, ఏక్ బార్ దిఖా దో." ఈ పని ఇంతకు ముందు చేయలేదు, ఒకసారి చూపించు.

"బెల్ట్ నహీ హై, ఊపర్ నహీ జావూంగా." బెల్ట్ లేదు, పైకి ఎక్కను.

మూడోది నోటికి రావడం చాలా కష్టం. కొత్తవాడికి కాదనే ధైర్యం ఉండదు. ఇంట్లో భార్యను ఫోర్‌మన్‌లా ఎదురుగా కూర్చోబెట్టి పదిసార్లు అని చూడండి. మొదటిసారి గొంతు లేవదు, పదోసారికి లేస్తుంది.

వంట రాని మగవాళ్లు ఈ నలభై రోజుల్లో అన్నం, పప్పు, కోడిగుడ్డు పులుసు నేర్చుకోవాలి. రూములో వంట వంతుల మీద నడుస్తుంది. వంతు తప్పించుకునేవాడికి జబ్బు చేసిన రోజు గంజి కాచిపెట్టేవాడు ఉండడు. మన ఊరివాళ్లతోనే తిరగాలన్న పట్టుదల కూడా వద్దు. పని నేర్పేది పక్కన నిలబడి పనిచేసేవాడే, వాడు ఏ దేశమైనా కానీ.

6. ఇంట్లో లెక్క తెగాలి

ఇది అందరూ వాయిదా వేసే పని. మాట్లాడుకుంటే గొడవవుతుందని భయం.

నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చారనుకుందాం. నెలకు 3,000 వడ్డీ. మొదటి జీతం చేతికొచ్చి, అది ఇంటికి చేరడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఆ రెండు నెలలూ ఇల్లు దేనితో నడుస్తుంది? బీడీలు చుట్టిన పైసలతోనా? పిల్లల ఫీజు ఎప్పుడుంది? ఆ 6,000 వడ్డీకీ, రెండు నెలల బియ్యానికీ పక్కన పెట్టుకున్నాకే టికెట్ గురించి ఆలోచించండి.

పైసలు ఎవరి ఖాతాకు పంపాలి? అన్న ఖాతాకా, నాయిన ఖాతాకా, భార్య ఖాతాకా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను, భార్య పేరున ఖాతా తెరిచి ఏటీఎం కార్డు ఆమె చేతిలోనే పెట్టండి. ఇల్లు నడిపేది ఆమె, లెక్క చెప్పగలిగేదీ ఆమె. నాయినకు ఇవ్వాల్సింది నాయినకు విడిగా పంపండి. దాంతో అత్తాకోడళ్ల తగువు సగం తగ్గుతుంది. ఒక నోటు పుస్తకంలో ఇద్దరూ కలిసి రాసుకోండి. మొదట ఏ అప్పు, ఎన్ని నెలల్లో, నెలకు ఇంటి ఖర్చు ఎంత. అప్పు తీరకముందే స్లాబ్ పోయించే ఆలోచన ఆ పుస్తకంలోకి రానివ్వకండి. గోడల దాకా లేచి ఆగిపోయిన ఇండ్లు మన ఊర్లల్లో ఎన్ని లేవు?

7. రెండు చోట్ల కాగితాలు

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, ఏజెంటుకు ఇచ్చిన పైసల రసీదు, అన్నీ ఫోటో తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో పెట్టండి. జిరాక్స్ సెట్టు ఒకటి బీరువాలో ఉండాలి. యూఏఈలో యజమాని కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం చట్టానికి విరుద్ధం. అయినా క్యాంపులో అడిగి తీసుకుంటే కనీసం ఫోటో మీ దగ్గర ఉంటుంది.

ఆపద వస్తే తలుపు తట్టాల్సిన చోట్లు ఇంట్లోవాళ్లకూ తెలియాలి. ఆ దేశంలోని భారత ఎంబసీ, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఇంట్లో ఈ మాట ఎత్తితే అపశకునం అంటారు. ఎత్తండి, ఒక్కసారి చెప్పి వదిలేయండి.

అక్కడ దిగాక ఐడీ కార్డు, సౌదీ అయితే ఇఖామా, చేతికి రాగానే రెండు వైపులా ఫోటో తీసి ఇంటికి పంపండి. దాని గడువు తేదీని భార్య క్యాలెండర్ మీద రాసుకోవాలి. గడువుకు నెల ముందు ఆమె ఫోన్‌లో అడగాలి, "ఇఖామా రెన్యూవల్ చేయించిండ్రా?" అని. చేయించలేదంటే కంపెనీ ఆఫీసులో అడగండి, అడిగినట్లు మెసేజ్ రూపంలో రుజువు దాచుకోండి. వారం దాటినా కదలకపోతే ఎంబసీకి ఫిర్యాదు పెట్టండి. అప్పటిదాకా డ్యూటీకి పోతూనే ఉండండి. చెప్పకుండా కంపెనీ వదిలి వెళితే యజమాని మీ మీద పరారీ కేసు పెట్టగలడు.